అక్కడున్నవాళ్ళ మాట

ఏ ఊరని ఎవరైనా అడిగితే హిందూపురం అంటాను. అనగానే అవతలి మనిషి ముఖం విచ్చుకుంటుంది. "జై బాలయ్య!" అంటారు. బెంగళూరులో లిఫ్టులో అన్నారు. హైదరాబాదులో పెళ్ళి భోజనాల బంతిలో అన్నారు. అమెరికాలో పుట్టి పెరిగిన మా బంధువుల పిల్లలు, తెలుగు ఇంకా నోరు తిరగని పిల్లలు, వీడియో కాల్‌లో నన్ను చూడగానే ముందు ఆ రెండు మాటలే అన్నారు, తరువాతే పెద్దమ్మా అని పిలిచారు. వాళ్ళలో చాలామందికి హిందూపురం కర్ణాటక అంచున ఉందని తెలియదు. లేపాక్షి బసవన్న మాకు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే కూర్చుని ఉన్నాడని తెలియదు. ఆ పిలుపు మాత్రం తెలుసు. దానికి బదులు కూడా అదే పిలుపని తెలుసు.

మా ఊళ్ళో ఆ మాటకు బరువు ఎక్కువ. 1985లో, 1989లో, 1994లో ఎన్.టి. రామారావు ఇక్కడినుంచే శాసనసభకు వెళ్ళారు. 1996 ఉప ఎన్నికలో ఆయన కొడుకు హరికృష్ణ గెలిచారు. 2014, 2019, 2024లో వరసగా మరో కొడుకు, సినిమా హీరో బాలకృష్ణ, అంటే జనం పిలిచే బాలయ్య. మా వీధుల్లో "జై బాలయ్య" అంటే ముందుగా ఓటు మాట. ఆటో మీది మైకులోంచి వచ్చే మాట, జెండా పట్టుకున్న కుర్రాడి గొంతు బొంగురుపోయేదాకా వినిపించే మాట. వేరే పార్టీ వాళ్ళ ఇంటి ముందు నుంచి పోతూ అంటే తగాదా కూడా కావచ్చు. కాబట్టి మా వాళ్ళు ఆ మాటను ఎవరి ఎదుట అంటున్నామో చూసుకుని అంటారు.

ఊరు దాటితే అది మరో మాటైపోతుంది. 2003లో వచ్చిన "పల్నాటి బ్రహ్మనాయుడు"లో కథానాయకుడైన బాలయ్య ధాటికి రైలు వెనక్కి నడిచే దృశ్యం ఒకటుంది. ఫోన్లలో చిన్న వీడియో ముక్కలు తిరగడం మొదలయ్యాక ఆ దృశ్యం తెలుగు రానివాళ్ళ దగ్గరికి కూడా పోయింది. అందరూ నవ్వారు. మొదట్లో ఆ నవ్వులో వెక్కిరింతే ఎక్కువ. ఆ వెక్కిరింత మధ్యలోంచే అభిమానుల నినాదాన్ని అభిమానులు కానివాళ్ళు ఎత్తుకున్నారు. క్రికెట్ మైదానంలో ఒకడు ఊరికే అరుస్తాడు, పక్క వరసలన్నీ అందుకుంటాయి. పెళ్ళి బరాతులో అంటారు. వేరే హీరో సినిమా మొదటి ఆటలో, తెర మీద ఇంకా పేర్లు పడుతుండగానే అంటారు. స్నేహితుడికి ఉద్యోగం వస్తే అంటారు, పోతే కూడా ధైర్యం చెప్పడానికి అంటారు. 2021 నవంబరులో ఆహా ఓటీటీలో బాలయ్య నడిపిన ముచ్చట్ల కార్యక్రమం "అన్‌స్టాపబుల్" మొదలైంది. అన్నాళ్ళూ ఎవరిని చూసి నవ్వారో ఆ మనిషే ఎదురుగా కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వడం జనం చూశారు. మరుసటి నెలలోనే "అఖండ" వచ్చింది, అందులో ఆ నినాదమే పాటయింది. ఆ తరువాత ఎవరు వెక్కిరిస్తున్నారో, ఎవరు మొక్కుతున్నారో విడదీసి చెప్పడం కష్టమైపోయింది. ఒక నవ్వులాట చేరుకోగలిగిన మంచి స్థితి అదేనని నాకు అనిపిస్తుంది. నవ్వేవాడూ నవ్వించేవాడూ ఒకే వైపుకు వచ్చేశారు.

పరాయి దేశంలో దానికి మూడో అర్థం. విమానాశ్రయంలో ఒక గుంపు తెలుగువాళ్ళలాగే కనిపిస్తుంది, అడగడానికి మొహమాటం. గాల్లోకి మెల్లగా ఆ మాట వదులుతారు. అవతలినుంచి అదే తిరిగి వస్తే పరిచయం అయిపోయినట్టే. ఏ జిల్లా, ఏ కులం, ఏ పార్టీ అన్న ప్రశ్నలేవీ అప్పటికి రావు.

ఓటు మాటనూ, ఆట మాటనూ, ఆనవాలు మాటనూ ఒకే రోజు వినాల్సి వచ్చేది హిందూపురం వాళ్ళకే. ఉదయం మార్కెట్టు దగ్గర ఒక అర్థంలో వింటాం, మధ్యాహ్నం పిల్లల ఫోనులో రెండో అర్థంలో, రాత్రి న్యూజెర్సీనుంచి మూడో అర్థంలో. నా ఓటు ఎటుపోతుందో నాకు తెలుసు, దాన్ని పక్కన పెట్టి నేను ముగ్గురికీ ఒకే బదులిస్తాను. ఈ మాట నన్ను చాలాకాలంగా ఆలోచనలో పెట్టింది. ఒక గుంపు తనకోసం తాను పుట్టించుకున్న మాట, బయటివాళ్ళకు తలాతోకా తెలియని మాట, ఎప్పుడు చచ్చిపోతుంది, ఎప్పుడు అందరిదీ అవుతుంది?

నేను పట్టుకోగలిగిన జవాబు ఇది. అలాంటి మాట పుట్టినప్పుడు అక్కడ ఉన్నవాళ్ళది. వాళ్ళు ఆ రోజు చూసినదీ, పడి పడి నవ్వినదీ ఆ మాటలో దాగి ఉంటాయి. కానీ వాళ్ళ దగ్గరే ఉండిపోతే అది వాళ్ళతోనే పోతుంది. అక్కడ లేనివాళ్ళకు కూడా ఆ మాట వాడుకునే హక్కు ఇచ్చినప్పుడే దానికి రెండో తరం వస్తుంది. ఇవ్వడమంటే కొంత పోగొట్టుకోవడం కూడా. కొత్తవాళ్ళు దాన్ని తమ ఇష్టం వచ్చినట్టు వంచుతారు, మొదటి కథ మరిచిపోతారు. ఆ నష్టానికి ఒప్పుకోవాలి.

ఈ సంగతి మనవాళ్ళలో బాగా తెలిసినవాడు పింగళి నాగేంద్రరావు. 1957లో ఆయన మాటలతో వచ్చిన "మాయాబజార్" సినిమాలో ఘటోత్కచుడి ఆశ్రమం గుర్తు చేసుకోండి. ఒత్తులు పలకలేని శిష్యుల నోట అస్మదీయులు అసమదీయులయ్యారు, దానికి జంటగా తసమదీయులు పుట్టారు. తప్పు దిద్దాలని ఒకరు చూస్తే, మాటలు ఎవరో ఒకరు పుట్టించకుండా ఎక్కడినుంచి వస్తాయన్న భావంతో ఘటోత్కచుడు ఆ కొత్త మాటకు మర్యాద చేస్తాడు. నవ్వించే సన్నివేశమే, కానీ భాష గురించి అంత ఉదారమైన తీర్పు ఇచ్చిన పండితులు అరుదు. "వీరతాడు" సంగతీ అంతే. మెచ్చుకోలుగా మెడలో వేసే ఆ తాడును తెర మీద చూసినవాళ్ళు ఇళ్ళకు తీసుకుపోయారు. పరీక్షలో పాసైన పిల్లాడికీ, పిండివంట కుదిరిన కోడలికీ వీరతాళ్ళు వేశారు. కొన్ని దశాబ్దాల తరువాత, తెలుగులో రాసుకోవడం కంప్యూటర్లో సాధ్యమైన తొలి రోజుల్లో, ఒకరి రాతను ఇంకొకరు మెచ్చుకోవడానికి మళ్ళీ ఆ తాడే దొరికింది.

రెండో ఉదాహరణ ఇంకా స్పష్టం. జంధ్యాల 1982లో "నాలుగు స్తంభాలాట" తీశారు. అందులో విసుగు పుట్టించే మాటల ధోరణికి "సుత్తి" అని పేరు పెట్టారు. వీరభద్రరావుకూ వేలుకూ అది ఇంటిపేరైపోయింది, వాళ్ళు ఆ తరువాత ఎన్ని రకాల వేషాలు వేసినా సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలుగానే నిలిచారు. ఇవాళ మా వీధిలో పదో తరగతి పిల్ల తమ్ముణ్ణి "సుత్తి కొట్టద్దు" అంటుంది. ఆ సినిమా పేరు ఆ పిల్ల వినలేదు. ఆ ఇద్దరు నటుల ముఖాలు తెలియవు. మాటకు తల్లిదండ్రులు ఎవరో మరిచిపోయినంతగా అది సొంతమైంది. జంధ్యాలగారికి దక్కిన గౌరవాలన్నిటిలోకీ ఇది పెద్దదని నా నమ్మకం.

సినిమాకు వెనక పెద్ద తెర ఉంటుంది, పెద్ద గొంతులుంటాయి. చిన్న గుంపులకు అవి ఉండవు. నేను చాలా ఏళ్ళు హిందూపురంనుంచి ధర్మవరానికి రైల్లో పోయి వచ్చే ఉద్యోగం చేశాను. సీజన్ టికెట్ వాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొదట్లో అది బండి ఎక్కడుంది, సీటు దొరికిందా అన్నదానికే. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ఆస్పత్రిలో నర్సు అక్కలు, బడి అయ్యవార్లు, పెనుకొండలో దిగి కియా కార్ల కర్మాగారానికి పోయే కుర్రాళ్ళు, పట్టుచీరల మూటతో ఎక్కే వ్యాపారులు, ధర్మవరంలో సొంత మగ్గమున్న ఒక పెద్దాయన. మెల్లగా ఆ గ్రూపుకు తనదైన భాష ఒకటి ఏర్పడింది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు.

"కొండ కనిపించింది" అన్నది మొదటి మాట. బండి పెనుకొండ స్టేషను చేరకముందే కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. కునుకు తీస్తున్నవాళ్ళను పక్కవాళ్ళు తట్టి, కొండ కనిపించిందప్పా, లెయ్ అంటారు. కొన్నాళ్ళకు అది బండి దిగి గ్రూపులోకి వచ్చింది. పని కొలిక్కి వచ్చిందనడానికి వాడారు. ఇంటి లోను మంజూరవుతుంటే కొండ కనిపించింది. ఒకరోజు ఒక అక్క "మా పాపకు కొండ కనిపించింది" అని రాసింది. పిల్లకు సంబంధం కుదిరిందని మాకందరికీ అర్థమై దీవెనలు కురిశాయి. ఆ వారమే గ్రూపులో చేరిన ఒకాయన మాత్రం, ఎండ పూట పిల్లను కొండెక్కించవద్దమ్మా, రాళ్ళు జారుతాయి అని ఎంతో శ్రద్ధగా రాశాడు. ఆయనకు ఎవరో ఓపికగా మొదటినుంచీ వివరించారు. మరుసటి నెల జీతం ముందురోజు "అందరికీ కొండ కనిపించిందా?" అని అడిగింది ఆయనే.

గ్రూపులో చరిత్ర చెప్పే అయ్యవారొకరు ఆ మాటకు ఇంకో అంతస్తు కట్టారు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగరాన్ని వదిలి తిరుమల దేవరాయలు తన రాజధానిని తెచ్చుకున్నది ఈ పెనుకొండకే. అంతటివాళ్ళకే చెడ్డకాలంలో ఈ కొండ దిక్కయింది అని ఆయన రాశారు. అప్పటినుంచి "కొండ కిందికి రాప్పా" అంటే, కష్టంలో ఉన్నావు, ఒంటరిగా ఉండొద్దు, మాతో కూర్చో అని. ఉద్యోగం పోయిన ఒక కుర్రవాడికి గ్రూపంతా రాసింది ఆ మూడు మాటలే. ఓదార్పు మాటలు ఎన్ని రాసినా మొక్కుబడిగా ఉండేవేమో. ఆ మూడు మాటల వెనక మాత్రం ఒక ఓడిపోయిన రాజ్యమూ, కిటికీ పక్కన అందరం కలిసి చూసిన కొండా ఉన్నాయి.

రెండోది మా మార్కెట్టు మాట. హిందూపురం చింతపండుకు పేరున్న మార్కెట్టు. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు పలుకుతాయి. కరిపులి ధర పైన ఉంటుంది, ఫ్లవర్ ధర బాగా కింద ఉంటుంది. వ్యాపారం తెలిసిన ఒకాయన, తెల్లారగానే గ్రూపులో వచ్చిపడే గులాబీల శుభోదయం బొమ్మలను చూసి "ఈ పొద్దు అంతా ఫ్లవరే వచ్చింది, కరిపులి లేదు" అన్నాడు. గులాబీ కూడా ఫ్లవరే కావడంతో ఆ మాట ఇక ఆగలేదు. ఎవరో పంపినదాన్నే మళ్ళీ పంపితే ఫ్లవర్. సొంతంగా రాసిన కబురు, పనికొచ్చే సమాచారం, మనసులోంచి వచ్చిన రెండు ముక్కలు కరిపులి. ఎవరినీ నొప్పించకుండా ఒక మర్యాద నేర్పింది ఆ మాట. అంతకుముందు ఫార్వర్డులు పంపొద్దని గ్రూపు పెట్టినవాళ్ళు ఎన్నోసార్లు బతిమాలారు, ఎవరూ వినలేదు. తన కబురును ఫ్లవర్ అనిపించుకోవడం మాత్రం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

మూడోది మగ్గం పెద్దాయనది. ఎవరైనా చాలా రోజులు మాట్లాడకపోతే "ఒక పోగు తెగినట్టుంది, చూడండప్పా" అనేవాడు. నేతలో పోగు తెగితే మగ్గం ఆపి, రెండు కొసలు దొరకబుచ్చుకుని ముడివేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. తెగిన పోగును వదిలేసి నేస్తే చీరలో గీత పడుతుంది. ఆయన అన్న తరువాత ఎవరో ఒకరు ఫోను చేసేవారు. అలా ఫోను చేసి రావడాన్ని "ముడేయడం" అన్నాం.

ఈ మాటలన్నీ సీమ యాసలో పుట్టాయి, ఆ యాసలోనే రాసుకున్నాం. ఇది నాకు చిన్న సంగతి కాదు. నా తరం వాళ్ళం కాలేజీ చదువులకు వేరే ప్రాంతాలకు పోయినప్పుడు నోరు తెరవడానికి ముందు మాటను ఒకసారి లోపల సరిచేసుకునేవాళ్ళం. యాడికి అనబోయి ఎక్కడికి అనేవాళ్ళం. మా యాస సినిమాల్లో వినిపించిన తీరు కూడా మాకు భారమైంది. 1997లో "ప్రేమించుకుందాం రా"లో జయప్రకాశ్ రెడ్డి కర్నూలు సీమ పలుకును దాని నిజమైన రుచితో తెర మీదికి తెచ్చారు. ఆయన గొంతు వినడం మాకు పండగే. కానీ 1999లో "సమరసింహారెడ్డి" వచ్చాక ఫ్యాక్షను కథలు వెల్లువెత్తాయి. ఆ పలుకు వినగానే జనానికి కత్తులు, సుమోలు గుర్తుకొచ్చే రోజులు వచ్చాయి. మంచి నటుడు మనసుపెట్టి పలికిన యాస అది. ఆ కథల వరదలో అది భయపెట్టేవాడి గుర్తుగా మిగిలిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఫోను చేతికొచ్చాక మా పిల్లలు ఆ గుర్తును చెరిపేస్తున్నారు. రాయడానికి ఎవరి అనుమతీ అవసరం లేని చోట వాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే రాస్తారు. "ఏమప్పా, యాడుండావు", "వచ్చాండా, ఉండు" అని ఇంగ్లీషు అక్షరాల్లో అయినా సరే యాస చెదరకుండా రాస్తారు. తెలుగు రాతల్లో పులిహోర కలపడమనే మాట ఒకటి అంతటా చెల్లుతోంది కదా, అమ్మాయితో తీయగా మాటలు కలపడానికి. దాన్ని మా గ్రూపు కుర్రాళ్ళు అట్లే తీసుకోలేదు. "మన పక్క చిత్రాన్నమే కదప్పా ఎక్కువ. చిత్రాన్నం కలుపుతాండాడు అనాల" అని తీర్మానించారు. బయటినుంచి వచ్చిన మాటకు మా వంటింటి తాలింపు పడింది.

ఆ "అప్పా" గురించి ఇంకో ముచ్చట. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా వాళ్ళ కర్మాగారానికి 2017లో ఒప్పందం జరిగింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. కొరియా వాళ్ళు వచ్చారు, కొరియా అక్షరాల బోర్డులు వచ్చాయి. ఇళ్ళల్లో ఆడపిల్లలు అప్పటికే కొరియా సీరియళ్ళు చూస్తున్నారు. కొరియా భాషలో నాన్నను అప్పా అంటారని వాళ్ళు కనిపెట్టి గ్రూపులో పెట్టగానే సంబరం చూడాలి. కన్నడంలో అప్పా నాన్నే. మాకు ప్రతి మాట చివరా అప్పా లేనిదే నడవదు. "చూడండప్పా, వాళ్ళు కూడా మన సీమోళ్ళే, తప్పిపోయి ఆడికి పోయినారు" అని కర్మాగారం కుర్రాడు రాశాడు. ఆనాటినుంచి గ్రూపులో కొరియా దొరలను "తప్పిపోయిన అప్పలు" అంటారు. పరాయి దేశంనుంచి వచ్చిన పై అధికారిని చూసి బెదిరే కుర్రవాడికి ఆ మాట ఎంత ధైర్యమో ఊహించండి. వాళ్ళలో ఒకాయనకు ఈ సంగతి చెబితే ఆయన కూడా గట్టిగా నవ్వి, మరుసటి రోజు తనే "ఏమప్పా" అని పలకరించాడట.

అన్నీ ఇలా మంచిగానే సాగుతాయని నేను చెప్పను. ఒకాయన తొందరలో ఒక సంతాప సందేశం రాస్తూ అక్షరం తప్పు కొట్టాడు. దుఃఖం చెప్పాల్సిన చోట వేరే మాట పడింది. ఆ తప్పు మాటే ఆయన పేరైపోయింది. మొదట ఆయనా నవ్వాడు. నెలల తరబడి, ప్రతి పలకరింపులో అదే వినబడుతుంటే ఆయన నవ్వడం ఎప్పుడు మానేశాడో ఎవరూ గమనించలేదు. ఒకరోజు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పోగు తెగిందని ఎవరో రాస్తే మగ్గం పెద్దాయన ఒక్కటే అన్నాడు: "తెగలేదు. మనమే తెంపినాము." ఆ పేరును ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. ఒక మనిషి మీద వేసి అతను మోయలేనప్పుడు కూడా దించని మాటకు గుంపు ఎంత నవ్వినా విలువ లేదు. బాలయ్య మాటకూ దీనికీ తేడా నాకు అక్కడే కనిపించింది. అక్కడ నవ్వులో తన పాలు తాను తీసుకునే బలం ఆ మనిషికి ఉంది, చుట్టూ అభిమానులున్నారు, తెర ఉంది. అక్షరం తప్పు కొట్టిన గుమాస్తాకు అవేవీ లేవు.

ముఖం చూసుకోకుండా కలిసి పనిచేసే గుంపులు మాటల్ని ఎంత జాగ్రత్తగా పుట్టించగలవో కూడా చెప్పాలి. 1990ల మొదట్లో, తెర మీద తెలుగు అక్షరం కనిపించని కాలంలో, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంతో ముడిపడిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారు చేశారు. చిన్న అక్షరం కొడితే ల, పెద్దది కొడితే ళ. ఇల్లు వదిలి వెళ్ళిన పిల్లలు ళ కోసం అంత పట్టుబట్టారంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు అందులో రాసేవాళ్ళు తమ పనిముట్లకు ఇంగ్లీషు పేర్లు ఉంచుకోవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. వాళ్ళు అందరూ కలిసి చర్చించుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టారు. ఇంకా నాలుగు వాక్యాలు దాటని వ్యాసాన్ని మొలక అన్నారు. సభ్యుల ముంగిలి సముదాయ పందిరి అయింది. చిన్న వ్యాసాన్ని మొలక అన్నవాళ్ళు దాన్ని తీసిపారేయరు, నీళ్ళు పోస్తారు. పేరు పెట్టడంలోనే పని ఎలా చేయాలో చెప్పినట్టయింది.

ఇలాంటి మాటల్ని ఎవరు రాసిపెడతారు? మన దగ్గర దీనికి మంచి సంప్రదాయమే ఉంది. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ కచేరీల్లో, బజార్లలో తెలుగుతో కలిసిపోయిన పరభాషల మాటల్ని ఏరి 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చువేశాడు. గ్రంథాల్లో కనిపించని మాటలకూ పుస్తకంలో చోటుందని ఆ రోజుల్లోనే అనుకున్నాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం తలపెట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటాన్నీ, 1971లో చేనేత పదాల సంపుటాన్నీ తెచ్చారు. ఊరూరూ తిరిగి, మగ్గం దగ్గర కూర్చున్న మనిషినే అడిగి, ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకున్న పని అది. చదువుకున్నవాడి మాటే మాట అనుకునే దేశంలో నేతగాణ్ణి పండితుడి స్థానంలో కూర్చోబెట్టారు. నేత సంపుటం పేరు చెప్పగానే మా పెద్దాయన కళ్ళు తడిశాయి. తన పనిలోని మాటలకు పుస్తకముందని ఆయనకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది.

ఇవాళ ఫోన్లలో పుట్టే మాటలకు ఆ శ్రద్ధ దక్కడం లేదు. ఫోను మారితే కబుర్లు పోతాయి, గ్రూపు మూతపడితే మాటలు పోతాయి. అందుకే నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. కృష్ణమూర్తిగారి పద్ధతిలోనే మాట, మొదట అన్నవారి వృత్తి, ఊరు, ఏ సందర్భంలో పుట్టింది, ఇప్పుడు ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారు అని గీతలు కొట్టుకున్నాను. మనుషుల పేర్లు రాయను. కర్మాగారం కుర్రాడు, హిందూపురం అని రాస్తాను. చీరల వ్యాపారి, ధర్మవరం అని రాస్తాను. "జై బాలయ్య"కు మూడు గళ్ళు కావలసి వచ్చాయి. మార్కెట్టులో అడిగితే చింతపండు మూటలు మోసే ఒకాయన నాలుగోది కూడా చెప్పాడు. మూట భుజానికెత్తే ముందు హమాలీలంతా ఒక్కసారిగా అంటారట, బరువు సమంగా లేస్తుందని. ఏ పార్టీ వాళ్ళయినా అదే అంటారట.

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగళూరునుంచి వచ్చాడు. వాడి ఆఫీసులో కన్నడిగులు, తమిళులు, ఒడియా వాళ్ళు ఉన్నారు. ఫోను చూస్తూ "ఛీ, అంతా ఫ్లవర్" అన్నాడు. నేను ఉలిక్కిపడి ఎక్కడిదిరా ఈ మాట అన్నాను. ఆఫీసులో అందరూ అంటారు పిన్నీ, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుతారు కదా, అందుకని, అన్నాడు. మా రైలు గ్రూపులోని ఎవరి తమ్ముడో, ఎవరి అల్లుడో మోసుకుపోయి ఉంటారు. నేను వాడికి మార్కెట్టు సంగతి, కరిపులి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "బాగుంది పిన్నీ, కానీ మా ఆఫీసులో చింతపండంటే ఎవరికీ ఎక్కదు, పువ్వులే బాగుంటాయి" అన్నాడు. కరిపులి మాత్రం వాడికి బాగా నచ్చింది. సోమవారం ఆఫీసు గ్రూపులో పెట్టి చూస్తానన్నాడు. ఫ్లవర్ అన్న మాట కింద రెండో పుట్టుక కథ కూడా రాసి, పక్కన బెంగళూరు అని ఊరు పేరు చేర్చాను.